సాల్ట్ లేక్ లోయలో రేపటి ఉష్ణోగ్రత, గాలి: ఎండాకాలం కుదిరిన లెక్క చలికాలం ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న
రాసినవారు: జోర్డాన్ ఒడ్డు

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న సాల్ట్ లేక్ సిటీకి వచ్చి మూడేళ్లు కావస్తోంది. అంకెలతో పని చేసే ఉద్యోగం కావడం వల్ల, తీరిక దొరికినప్పుడల్లా ఇక్కడి విమానాశ్రయంలో నమోదైన రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను, గంటగంటకూ కొలిచిన గాలి వివరాలను పదేళ్లకు సరిపడా దించుకుని, మరుసటి రోజు ఎలా ఉంటుందో చెప్పే చిన్న రిగ్రెషన్ లెక్క (పాత అంకెల మధ్య సంబంధాన్ని ఒక గీతగా పట్టే పద్ధతి) ఒకటి తయారు చేసుకున్నాను. అందులోకి వెళ్లే అంశాలు నాలుగే: ముందురోజు గరిష్ఠం, జీఎఫ్ఎస్ అనే అమెరికా వారి కంప్యూటర్ వాతావరణ మోడల్ 700 హెక్టోపాస్కల్ మట్టంలో (గాలి పీడనం అంతకు తగ్గే, సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తులో) చూపే ఉష్ణోగ్రత, మేఘాల శాతం, సంవత్సరంలో అది ఎన్నో రోజు అన్నది.

ఈ ఊరు చూడనివారి కోసం రెండు మాటలు. తూర్పున వాసాచ్ పర్వతాలు, పడమర ఓకర్ కొండలు, దక్షిణాన ట్రావర్స్ కొండలు, వాయవ్యాన గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు ఉన్నాయి. వీటి నడుమ లోయ అడుగున, సముద్రమట్టానికి సుమారు 1,288 మీటర్ల ఎత్తున విమానాశ్రయం ఉంది. వాసాచ్ శిఖరాలు కొన్ని అక్కడి నుంచి ఇంకో రెండు వేల మీటర్లు పైకి లేస్తాయి.

మే నుంచి సెప్టెంబరు వరకు నా లెక్క చాలా రోజులు ఒకటి రెండు డిగ్రీల తేడాలో సరిపోతోంది. డిసెంబరు వచ్చేసరికి దాని పరువు పోతోంది. పోయిన జనవరిలో ఒక శనివారం నా లెక్క ఊరికి 6 డిగ్రీల సెల్సియస్ గరిష్ఠం చెప్పింది. పిల్లలకు మంచు చూపిద్దామని పార్లీస్ కాన్యన్ అనే ఇరుకు కొండలోయ దారిలో, కొండల మీదున్న పార్క్ సిటీకి బయలుదేరాం. ఇంటి ముందు కారు మీటరు మైనస్ 6 చూపింది, అద్దాల ఆవల పొగమంచు బూడిద రంగులో ఉంది. రోడ్డు ఎక్కుతున్న కొద్దీ అంకె పెరుగుతూ పోయింది. పార్లీస్ కనుమ మీదికి చేరేసరికి నీలాకాశం, ప్లస్ 4. అరగంట కూడా పట్టని ప్రయాణంలో, అదీ పైకి ఎక్కుతుంటే, పది డిగ్రీలు వేడెక్కాం. సాయంత్రం దిగి వస్తుంటే కింద ఊరు కనిపించలేదు, ఎవరో గిన్నె నిండా పాలు పోసి మూత పెట్టినట్టుంది. ఆ రోజు విమానాశ్రయంలో గరిష్ఠం సున్నా దాటలేదు.

గాలి సంగతి ఇంకా అన్యాయం. రోజుకొక సగటు దిశ తీస్తే, చాలా రోజులకు పడమటి గాలి అని వస్తోంది. గంటవారీ పట్టికలో చూస్తే ఆ రోజుల్లో పడమటి గాలి వీచిన గంట ఒక్కటీ కనబడదు.

నా లెక్కలో ఇంకొన్ని అంశాలు చేరిస్తే చాలా, లేక దాని నిర్మాణమే తప్పా? పెద్దలు ఎవరైనా దారి చూపగలరు.


జవాబు 1
రాసినవారు: వాతావరణ విద్యార్థి

జోర్డాన్ ఒడ్డు గారూ, నిర్మాణమే తప్పు. అయితే అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఈ లోయలో అంచనాలు వేసే ప్రతివారూ మొదటి చలికాలం ఇదే గోతిలో పడతారు. నేనూ పడ్డాను.

ముందుగా మీ లెక్క ఎండాకాలం ఎందుకు కుదురుతుందో చూద్దాం, ఎందుకంటే చలికాలపు తప్పు అందులోనే దాగి ఉంది. జులై మధ్యాహ్నం నేల బాగా కాగి, గాలి బుడగలు బుడగలుగా పైకి లేచి, లోయ అడుగు నుంచి శిఖరాల పైదాకా అంతా కవ్వంతో చిలికినట్టు కలిసిపోతుంది. అలా కలిసిన పొడి గాలిలో కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఎండాకాలంలో 700 హెక్టోపాస్కల్ మట్టం దాదాపు 3,150 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి విమానాశ్రయం 1,860 మీటర్ల కింద ఉంది కాబట్టి పైన ఉన్న ఉష్ణోగ్రతకు 18 డిగ్రీలు కలపాలి. నేలను ఆనుకుని ఉన్న కొద్ది మీటర్ల పొర మరింత వేడిగా ఉంటుంది కనుక ఇంకొకటి రెండు కలుపుకోవచ్చు. పైన 16 ఉంటే కింద 35 లేదా 36. మీ రిగ్రెషన్ మీకు తెలియకుండానే ఈ సూత్రాన్ని నేర్చుకుంది. మీరు కాగితం మీద వేసినా దాదాపు అదే జవాబు వస్తుంది.

ఇప్పుడు జనవరికి రండి. అధిక పీడనం వచ్చి కూర్చుంది, 700 మట్టంలో ఉష్ణోగ్రత సున్నా. పై సూత్రం ప్రకారం లోయలో 17 డిగ్రీలు ఉండాలి, ఉన్నది మైనస్ 2. కారణం, కింది గాలికీ పై గాలికీ ఆ రోజు సంబంధం తెగిపోయింది. రాత్రుళ్లు వాలుల మీద చల్లబడిన బరువైన గాలి నీళ్లలాగా కిందికి జారి లోయ అడుగున చేరింది. పైన, అధిక పీడనంలో నెమ్మదిగా దిగుతున్న గాలి వేడెక్కి దానికి మూత వేసింది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు, ఈ ఊళ్లో అందరూ ఇన్వర్షన్ అనే అంటారు. లంబసింగి తెల్లవారుజాముల చలిలోనూ ఇలా కిందికి జారి నిలిచిపోయే గాలికి పాత్ర ఉంది. కాకపోతే అక్కడ ఎండ ఎక్కగానే మూత లేచిపోతుంది. ఇక్కడ రోజుల తరబడి, ఒక్కోసారి వారానికి పైగా, అలాగే ఉండిపోతుంది.

అంత పట్టు దానికి ఎక్కడిదంటే, మొదటి కారణం సూర్యుడు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు క్షితిజం నుంచి 49 డిగ్రీల ఎత్తున ఉంటే, ఇక్కడ 26 డిగ్రీలు దాటడు. ఆ వచ్చిన కాస్త ఎండలోనూ కొత్తగా పడిన మంచు ఎనభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. దానికి తోడు పొగమంచు కమ్మితే నేలకు చేరేది ఇంకా తక్కువ. కలపడానికి కావలసిన వేడిలో చిన్న భాగం కూడా రోజంతటిలో పోగుపడదు.

మీరు గమనించవలసిన కీలకం ఇక్కడుంది. ఎండాకాలంలో పైన ఒక డిగ్రీ పెరిగితే కింద ఒక డిగ్రీ పెరుగుతుంది. ఇన్వర్షన్ రోజుల్లో పైన వేడెక్కిన కొద్దీ మూత బిగుస్తుంది, కింద చలి అలాగే నిలుస్తుంది, కొన్నిసార్లు పెరుగుతుంది. అంటే ఒకే అంశానికి రెండు కాలాల్లో గుణకం గుర్తే మారిపోతోంది. మీరు రెండింటినీ ఒకే గీతలో ఇరికించారు కాబట్టి ఆ గీత చలికాలం కుదరకుండా పోయింది. ఎన్ని కొత్త అంశాలు చేర్చినా ఈ జబ్బు నయం కాదు.

కనుక మొదట రేపటి రోజు ఏ రకమో తేల్చండి, తర్వాత అంకె వేయండి. రేపు మధ్యాహ్నం లోయ పైగాలితో కలుస్తుందా, కలవదా? దీనికి మంచి సాక్ష్యం విమానాశ్రయం నుంచి రోజుకు రెండుసార్లు ఎగరేసే వాతావరణ బెలూన్. చలికాలపు గడియారంలో ఉదయం 5 గంటలకు, సాయంత్రం 5 గంటలకు దాని కొలతలు వస్తాయి. ఆ గ్రాఫు చదవడం కష్టమనిపిస్తే మోటు పరీక్ష ఒకటుంది. నిన్న మధ్యాహ్నం విమానాశ్రయపు ఉష్ణోగ్రతలోంచి 700 మట్టపు ఉష్ణోగ్రతను తీసేయండి. తేడా 15 దాటితే గాలి బాగా కలుస్తున్నట్టు. 5 కన్నా తక్కువైతే, లేదా రుణసంఖ్య అయితే, మూత గట్టిగా ఉన్నట్టు. ఆ హద్దులు నా అలవాటు మాత్రమే, మీ పదేళ్ల డేటాతో మీరే సరిచూసుకోండి. తర్వాత రేపటికి మోడల్ పైన ఏం చూపుతోందో చూడండి. పైన వేడి అలాగే ఉండి, గాలి మందంగా ఉంటే మూత రేపూ ఉంటుంది. అలాంటి రోజున నిన్నటి గరిష్ఠాన్నే రేపటికీ చెప్పేయడం చాలా మోడళ్ల కన్నా నమ్మదగిన పని. పొగమంచు ఉంటే పగటికీ రాత్రికీ తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది.

కలిసే రోజులకు ఒక సమీకరణం, కలవని రోజులకు మరొకటి, మధ్యస్థంగా ఊగే రోజులకు రెండిటినీ ఇచ్చి ఏది ఎంత సంభావ్యమో చెప్పడం. మీకు ఇంతే కావాలి. మోడల్ చెప్పిన దాన్ని స్థానిక అనుభవంతో దిద్దే పద్ధతికి గట్టి పునాది 1972లో గ్లాన్, లౌరీ ప్రచురించిన వ్యాసంతో పడింది, దాన్ని మోడల్ అవుట్‌పుట్ స్టాటిస్టిక్స్ అంటారు. అందులోనూ చల్లని, వెచ్చని రుతువులకు వేర్వేరు సమీకరణాలు పెట్టుకోవడం మామూలే. అయితే ఈ లోయలో క్యాలెండరును బట్టి విడదీస్తే చాలదు, మూతను బట్టి విడదీయాలి. నవంబరులో మూత పడే రోజులూ ఉంటాయి, జనవరిలో ఈడ్చికొట్టే గాలితో బాగా కలిసిన రోజులూ ఉంటాయి.

గాలి గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడున్నారు, వారికి వదిలేస్తాను.


జవాబు 2
రాసినవారు: గాలిపటం

పిలవకుండానే వచ్చాను. నేను వాతావరణ శాస్త్రం చదువుకోలేదు, పదకొండేళ్లుగా ఈ లోయలో పారాగ్లైడర్ ఎగరేస్తున్నాను. గాలిని తప్పుగా అంచనా వేస్తే నడుం విరుగుతుంది కాబట్టి కాస్త శ్రద్ధగానే నేర్చుకున్నాను.

లోయ దక్షిణపు కొసన, డ్రేపర్ దగ్గర, పాయింట్ ఆఫ్ ది మౌంటెన్ అనే చోటు ఉంది. సాల్ట్ లేక్ లోయనూ యూటా లోయనూ వేరుచేసే గట్టు అది. అక్కడ ఎగిరేవాళ్లందరికీ మొదటి రోజే చెప్పే మాట: ఉదయం దక్షిణపు వైపు, సాయంత్రం ఉత్తరపు వైపు. ఎండాకాలం పొద్దున ఆరింటికి దక్షిణపు వైపు నిలబడితే ముఖానికి చల్లగా, ఒకే వేగంతో, ఇస్త్రీ చేసినట్టు నున్నగా గాలి తగులుతుంది. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్ సాక్, అంగుళం కదలకుండా ఉత్తరం వైపు చాచి ఉంటుంది. తొమ్మిదింటికి అది తడబడుతుంది, ఒకసారి వేలాడుతుంది, ఒకసారి తూర్పుకు తిరుగుతుంది. అప్పుడు మేము రెక్క మడిచేస్తాం. నడిమధ్యాహ్నం ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొత్తవాళ్లకు పనికిరాదు. సాయంత్రం అదే గట్టు ఉత్తరపు వైపు సరస్సు మీదినుంచి వచ్చే గాలి పొద్దుగుంకే దాకా ఎత్తి పట్టుకుంటుంది.

కారణం చిన్నదే. జోర్డాన్ నది యూటా సరస్సు నుంచి ఉత్తరంగా ఉప్పు సరస్సులోకి పారుతుంది. రాత్రి చల్లబడిన గాలి కూడా నది వెంటే అటే పారుతుంది, కాబట్టి మనకు దక్షిణపు గాలి. పగలు లోయ వేడెక్కి గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి సరస్సు వైపు నుంచి, పల్లం నుంచి మెరకకు, ఉత్తరపు లేదా వాయవ్యపు గాలి ఎక్కుతుంది. విమానాశ్రయం రన్‌వేలు చూడండి, ముఖ్యమైనవన్నీ దాదాపు ఉత్తర దక్షిణాలుగానే ఉన్నాయి. ఈ లోయలో గాలి ఏ గాడిలో నడుస్తుందో వాటిని చూసినా తెలుస్తుంది.

మీకు పడమటి గాలి ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రాత్రి ఆగ్నేయం 160 డిగ్రీలు, పగలు వాయవ్యం 340 డిగ్రీలు. రెండూ కూడి రెండుతో భాగిస్తే 250, అంటే పడమరకు దగ్గర. దిశను మామూలు అంకెలాగా సగటు తీయకూడదు. 350కీ 10కీ సగటు 180 అని మీ లెక్క అంటుంది, అసలు గాలి రెండుసార్లూ ఉత్తరం నుంచే వచ్చింది. తూర్పు పడమర భాగం, ఉత్తర దక్షిణ భాగం అని విడదీసి సగటు తీయడం సరైన పద్ధతే గానీ, ఈ లోయలో అదీ మోసం చేస్తుంది. రాత్రి గాలీ పగటి గాలీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, రోజంతా గాలే లేనట్టు చూపిస్తుంది. నా సలహా, రోజుకొక గాలి అనే ఆలోచన మానేయండి. ప్రశాంతమైన రోజుకు మూడు సంగతులు చెబితే చాలు: తెల్లవారుజామున దక్షిణం ఎంత, గాలి ఎన్నింటికి తిరుగుతుంది, మధ్యాహ్నం ఉత్తరం ఎంత. విమానాశ్రయం సరస్సుకు దగ్గర కాబట్టి అక్కడ ముందు తిరుగుతుంది, డ్రేపర్ దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది. సరస్సు గాలి వచ్చిన ఘడియలో ఉష్ణోగ్రత పెరుగుదల ఆగి, డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతో చెప్పే కొలత) కాస్త ఎగబాకుతుంది. ఆ రెండూ మీ గంటవారీ పట్టికలో దొరుకుతాయి.

ఈ గడియారం పనిచేయని రోజులు రెండు రకాలు. ఒకటి, పడమటి నుంచి చల్లని ఫ్రంట్, అంటే దూసుకొచ్చే చల్లగాలి ముందంచు, వచ్చే ముందురోజు. అప్పుడు మధ్యాహ్నమైనా దక్షిణపు గాలి తిరగదు, పైపెచ్చు జోర్డాన్ నారోస్ సందులోంచి దూసుకొచ్చి ధూళి లేపుతుంది, ఊరు అసహజంగా వెచ్చబడుతుంది. ఫ్రంట్ దాటగానే నిమిషాల్లో వాయవ్యానికి తిరిగి ఉష్ణోగ్రత జారిపోతుంది. రెండోది తూర్పు గాలి. వ్యోమింగ్ రాష్ట్రం వైపు చల్లని అధిక పీడనం, నైరుతిన అల్పపీడనం ఉన్నప్పుడు అవతల పోగైన చల్లగాలి వాసాచ్ గోడ మీదినుంచి పొర్లి, కాన్యన్ నోళ్ల గుండా ఊరి మీద పడుతుంది. 2011 డిసెంబరు 1న ఊరికి ఉత్తరాన ఉన్న సెంటర్‌విల్‌లో అలాంటి గాలే గంటకు 102 మైళ్ల వేగంతో, అంటే సుమారు 164 కిలోమీటర్లతో, వీచి హైవే మీద పెద్ద లారీలను పక్కకు పడేసింది. 2020 సెప్టెంబరు 8న ఊళ్లోని పాత చెట్లు వేళ్లతో సహా లేచిపోయింది కూడా తూర్పు గాలికే. వీటిని మీ రిగ్రెషన్ పట్టుకోలేదు. పదేళ్ల డేటాలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. పర్వతాలకు ఇటూ అటూ పీడనపు తేడా చూసి చేత్తో హెచ్చరిక పెట్టుకోవడమే మార్గం.


జవాబు 3
రాసినవారు: సూటిమాట

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. 2014 నుంచి అమెరికా వాతావరణ శాఖ వారి హెచ్ఆర్ఆర్ఆర్ మోడల్ 3 కిలోమీటర్ల గ్రిడ్‌తో, అంటే నేలను 3 కిలోమీటర్ల గడులుగా విడదీసి, ప్రతి గంటకూ కొత్త అంచనా ఇస్తోంది. అది ఉచితం. జీఎఫ్ఎస్ గ్రిడ్ దాదాపు 13 కిలోమీటర్లది, దానికి ఈ లోయ లోతు లేని పళ్లెంలాగా కనిపిస్తుంది, కాబట్టి తప్పడం సహజం. మంచి మోడల్ తీసుకుంటే ఈ వర్గీకరణలన్నీ అదే చూసుకుంటుంది.


జవాబు 4
రాసినవారు: వాతావరణ విద్యార్థి

సూటిమాట గారి మాట సగం ఒప్పుకుంటాను. గాలి విషయంలో, ముఖ్యంగా ఫ్రంట్ ఎన్నింటికి దాటుతుందన్న విషయంలో, ఆ మోడల్ చాలా మేలు. నేనూ రోజూ దాన్నే చూస్తాను. కానీ గ్రిడ్ 3 కిలోమీటర్లదైతే 3 కిలోమీటర్ల వస్తువు కనబడుతుందని కాదు. ఒక ఆకారాన్ని మోడల్ సరిగా నడిపించాలంటే దాని మీద కనీసం ఆరేడు గడులు పడాలి. పార్లీస్ కాన్యన్ వెడల్పుకు ఒక గడి పడితే గొప్ప. అంతకన్నా పెద్ద చిక్కు, మోడళ్లు లోయలోని చల్లగాలిని పైగాలితో అవసరానికి మించి కలిపేస్తాయి, ఇన్వర్షన్‌ను ఒక రోజో అరరోజో ముందే తెంచేస్తాయి. గ్రిడ్ సన్నబడితే ఈ అలవాటు తగ్గుతుంది గానీ పోదు. ఇది బోధపరచుకోవడానికే 2010 డిసెంబరు నుంచి 2011 ఫిబ్రవరి దాకా ఈ లోయలోనే శాస్త్రవేత్తలు పరికరాలు పరిచి చలికాలపు చల్లగాలి మడుగులను వరసగా కొలిచారు. సమస్య తేలికైతే అంత పని పెట్టుకునేవారు కాదు.

ఇంకో పొరపాటు చాలా ఫోన్ యాప్‌లలో చూస్తుంటాను. మోడల్ గడి ఎత్తుకూ ఊరి అసలు ఎత్తుకూ తేడా ఉంటే, కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల లెక్కన దిద్దేస్తారు. మామూలు రోజున అది మంచిదే. ఇన్వర్షన్ రోజున కిందికి దిగుతుంటే చలి పెరుగుతుంది, దిద్దుబాటు మాత్రం వేడిని కలుపుతుంది. తప్పును దిద్దబోయి రెట్టింపు చేయడమన్నమాట.


జవాబు 5
రాసినవారు: జోర్డాన్ ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. వారం రోజులు కూర్చుని రోజులను మూత ఉన్నవి, లేనివి అని విడదీశాను. 700 మట్టపు ఉష్ణోగ్రతకు గుణకం నిజంగానే ఒక గుంపులో ధనం, మరో గుంపులో దాదాపు సున్నా, గట్టి మూత ఉన్న రోజులను మాత్రమే తీసుకుంటే స్వల్పంగా రుణం. ఆ మూడు గీతలనూ పక్కపక్కన చూసినప్పుడు మూడేళ్ల చిరాకు కొంత తీరింది. గాలికి కూడా సగటు మానేసి, తిరిగే గంటను అంచనా వేస్తున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. మూత ఏ రోజు లేస్తుందో చెప్పడం ఎలా? నా తప్పులన్నీ ఇప్పుడు ఆ రోజుల్లోనే కుప్పపడుతున్నాయి. రెండోది, మా స్నేహితులు తూర్పున బెంచ్ మీద, అంటే కొండ పాదం అరుగు మీద, ఉంటారు. రాత్రి వాళ్లింటి దగ్గర మా ఇంటికన్నా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉంటోంది. ఎత్తు ఎక్కువైనా చలి తక్కువ. విమానాశ్రయానికి వేసిన అంచనా వాళ్లకు ఎలా సర్దాలి?


జవాబు 6
రాసినవారు: వాతావరణ విద్యార్థి

మొదటిదానికి జవాబు వింటే తలకిందులుగా అనిపిస్తుంది. చలికాలంలో ఈ లోయను వెచ్చబరిచేది చాలాసార్లు చల్లని ఫ్రంటే. మూత నిలిచేది పైన వేడి ఉన్నంతవరకే. పై నుంచి చల్లగాలి వచ్చి 700 మట్టపు ఉష్ణోగ్రత పడిపోతే, కింద ఉన్న చల్లగాలి ఇక బరువుగా అనిపించదు, తేలికగా కలిసిపోతుంది. మైనస్ 4 దగ్గర మగ్గిన ఊరు, పైన చలి దిగిన రోజునే మధ్యాహ్నం 3 డిగ్రీలకు చేరడం ఇక్కడ వింత కాదు. కాబట్టి రేపు పైన ఉష్ణోగ్రత ఎంతకు పడుతుందో చూసి, దానికి 17 కలపండి. ఆ అంకె ఇవాళ్టి లోయ ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తే మూత లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఇంకా పది డిగ్రీలు పైనే ఉంటే, యాప్ ఎంత ఆశ పెట్టినా నమ్మకండి.

ఫ్రంట్‌కు ముందు వచ్చే దక్షిణపు గాలి వల్ల కూడా మూత కరుగుతుంది, అయితే ఊరంతా ఒకేసారి కాదు. డ్రేపర్, శాండీ ముందు వెచ్చబడతాయి. చల్లగాలి సరస్సు వైపు వెనక్కి నెట్టబడి విమానాశ్రయం దగ్గర ఇంకా కొన్ని గంటలు తిష్ఠ వేస్తుంది, ఒక్కోసారి గాలి మందగించగానే మళ్లీ దక్షిణానికి పారుతుంది. అలాంటి రోజున ఒకే అంకె చెప్పడం నిజాయితీ కాదు. రెండు అంకెలు చెప్పి, ఏది విమానాశ్రయానిదో ఏది దక్షిణపు శివారుదో రాయండి.

బెంచ్ సంగతికి గాలిపటం గారు చెప్పిన కాన్యన్ నోళ్లే జవాబు. తుఫాను గాలులు లేని మామూలు రాత్రుల్లో కూడా పార్లీస్ వంటి కాన్యన్ల నోటినుంచి తూర్పు గాలి మెల్లగా వీస్తూ గాలిని కదుపుతూ ఉంటుంది కనుక నేల పక్కన చల్లని పొర పేరుకోదు. పేరుకున్నదైనా వాలు వెంట జారి మీ ఇంటి వైపు, జోర్డాన్ ఒడ్డుకే, వస్తుంది. అందుకని కనిష్ఠానికి ఎత్తును బట్టి కాకుండా, ఆ చోటు మడుగులో ఉందా, మడుగు అంచు పైన ఉందా అన్నదాన్ని బట్టి దిద్దుబాటు పెట్టండి. యూటా విశ్వవిద్యాలయంలో మొదలైన మెసోవెస్ట్ అనే వెబ్‌సైటులో లోయ నిండా ఉన్న కేంద్రాల కొలతలు దొరుకుతాయి. వాళ్లింటికి దగ్గరి కేంద్రాన్ని ఎంచుకుని, దానికీ విమానాశ్రయానికీ తేడాను తేట రాత్రులకు, మబ్బు రాత్రులకు వేరుగా లెక్క వేస్తే సరిపోతుంది. గాలి ఒక గిన్నెలో ఎంత చల్లబడగలదో చూడాలనుంటే, ఉత్తర యూటాలోని లోగన్ ఊరికి ఈశాన్యంగా కొండల మీద పీటర్ సింక్స్ అనే సున్నపురాయి పల్లం ఉంది. 1985 ఫిబ్రవరి 1న అక్కడ మైనస్ 56.3 డిగ్రీలు నమోదైంది. దానికి కాలువలాంటి దారి లేదు, చల్లగాలి చేరితే బయటికి పోదు.

చివరిగా, మీ డేటాలో ఒక చిక్కు ఉండవచ్చు. వాతావరణ శాఖ పట్టికల్లో రోజు అంటే ఏడాది పొడవునా స్టాండర్డ్ టైము ప్రకారం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. ఎండాకాలం మన గడియారం గంట ముందుకు జరిగినా వారి రోజు జరగదు, రాత్రి ఒంటిగంటకు మొదలవుతుంది. మీరు గంటవారీ గాలులను మీ గడియారం ప్రకారం రోజులుగా కత్తిరించి ఉంటే, ఉష్ణోగ్రతలకూ గాలులకూ గంట తేడా వచ్చి ఉంటుంది. ఇంకొకటి, ఫ్రంట్ తెల్లవారుజామున దాటిన రోజుల్లో గరిష్ఠం మధ్యాహ్నం రాదు.


జవాబు 7
రాసినవారు: జోర్డాన్ ఒడ్డు

మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. గంట తేడా మార్చి నుంచి నవంబరు దాకా అన్ని రోజుల్లోనూ ఉంది, సరిచేశాను. గరిష్ఠం ఏ గంటకు వచ్చిందో వెతికితే, నేను అతి పెద్ద తప్పులుగా ఎర్ర రంగు వేసుకున్న రోజుల్లో కొన్నింటికి గరిష్ఠం అర్ధరాత్రి దాటిన మొదటి గంటలోనే నమోదైంది. అప్పటికి దక్షిణపు గాలి ఇంకా వీస్తోంది, తర్వాత ఫ్రంట్ దాటి రోజంతా మంచు పడింది. ఆ రోజుల్లో మధ్యాహ్నపు ఉష్ణోగ్రతకు నా లెక్క దగ్గరగానే ఉంది.

అందువల్ల ఇకమీదట రోజు గరిష్ఠాన్ని వదిలేసి, మధ్యాహ్నం మూడింటి ఉష్ణోగ్రతను అంచనా వేస్తున్నాను. రేపటికి నా చీటీ ఇలా ఉంది: మూత ఉంటుంది, విమానాశ్రయంలో మూడింటికి మైనస్ 2, తెల్లవారి దక్షిణపు గాలి అతి మందం, ఉత్తరానికి తిరగడం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే, అదీ తిరిగితే. యాప్ మాత్రం 5 డిగ్రీలు అంటోంది. రేపు సాయంత్రం ఏదైందో ఇక్కడే రాస్తాను.